పరుగుకి పది లక్షలు లెక్కేశారు, రెండో లెక్క కూడా వేద్దాం

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన క్రికెటర్ల జీతాల మీద గట్టిగానే రాశారు. రెండు నెలలు బ్యాటు ఊపేవాడికి 27 కోట్లేంటి, వేల మందికి అన్నం పెట్టే కంపెనీ పెద్దలకి లేని విలువ వీళ్ళకెందుకు అని ఆయన బాధ. మా పర్లాకిమిడిలో మీ పేపరు శ్రీకాకుళం వైపు నుంచి పొద్దున్న బస్సులో వస్తుంది, బస్సు లేటయితే ఒడియా పేపర్లు ముందు నలిగిపోతాయి, మీది తర్వాత. ఆ రోజు బస్సు టైముకే వచ్చింది. టీకొట్టు దగ్గర ఒకాయన ఆ ఉత్తరం పైకి చదివాడు, ఒడియా వాళ్ళకి అర్థం చెప్పాడు కూడా, అందరూ అవునవును అన్నారు. నేను అనలేదు. అక్కడే నాలుగు ముక్కలు చెప్పాల్సింది గానీ నలుగురిలో గొంతు పెంచితే నాకు మాట తడబడుతుంది, అందుకే ఇంటికొచ్చి రాస్తున్నా. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, కాబట్టి మాట్లాడినట్టే రాస్తే మీరేమీ అనుకోరని ధైర్యం. పొడుగైతే చివర కత్తిరించుకోండి, మధ్యలో మాత్రం వద్దు, లెక్క తెగిపోతుంది.

ముందు ఆ 27 కోట్ల సంగతి. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో లక్నో జట్టు రిషభ్ పంత్‌ని ఆ ధరకి కొన్నది నిజమే, ఐపీఎల్‌లో అంతకు ముందు ఎవరికీ అంత పలకలేదు. 2025 సీజన్లో ఆయన కొట్టింది మొత్తం 269 పరుగులు. చివరి మ్యాచ్‌లో 118 కొట్టబట్టి అవైనా అయ్యాయి, అది తీసేస్తే మిగిలేది 151. సీజన్ ముగిసేలోపే మా టీకొట్టులో లెక్క తేలిపోయింది, పరుగుకి పది లక్షలు. ఎనిమిదో తరగతి తప్పిన గుంటడు కూడా ఫోన్లో కాలిక్యులేటర్ తీసి చూపించాడు. ఎవరూ జాలి పడలేదు. 2022 డిసెంబరులో కారు ప్రమాదంలో చావు దాకా వెళ్ళి, ఏడాది పైన మంచం, చేతికర్ర, ఫిజియో అంటూ గడిపి తిరిగొచ్చిన మనిషి అని గానీ, ఆ ఐపీఎల్ అయిన రెండు నెలలకే మాంచెస్టర్ టెస్టులో పాదం ఎముక విరిగి కూడా కుంటుకుంటూ దిగి 54 పూర్తి చేశాడని గానీ లెక్కలోకి రాలేదు. రాకూడదు కూడా, ఆ డబ్బు ఐపీఎల్ పరుగులకి ఇచ్చింది. నేను చెప్పేది ఏంటంటే, ఆయన ఎంత తీసుకున్నాడో, బదులుగా ఏం చేశాడో, రెండూ ఊరందరికీ తెలుసు. 

వెంకటేశ్ అయ్యర్‌ది ఇంకా చిత్రం. కోల్‌కతా వాళ్ళు 23.75 కోట్లు పెట్టారు, ఆ సీజన్లో 142 పరుగులు చేశాడు, వదిలేశారు. ఏడాది తిరిగేసరికి 2025 డిసెంబరు వేలంలో బెంగళూరు 7 కోట్లకి తీసుకుంది. అంటే ఒక్క దెబ్బకి పదహారు కోట్ల పైన తెగింది, అదీ టీవీలో, లోకమంతా చూస్తుండగా. మీ బిజినెస్ పేజీలో ఎప్పుడైనా, ఫలానా ఎండీ పోయిన ఏడాది సరిగ్గా చెయ్యలేదు కాబట్టి ఈ ఏడాది ఆయన జీతం మూడో వంతుకి దింపారు అన్న వార్త చదివానా అని గుర్తు చేసుకున్నా. గుర్తు రాలేదు.

ఇప్పుడు రెండో లెక్క. టీకొట్టు దగ్గరే అడిగాను, మన దేశంలో ఐటీ కంపెనీ సీఈఓకి ఎంతుంటుందో చెప్పండి చూద్దాం అని. ఒకాయన అయిదు కోట్లన్నాడు. ఇంకొకాయన ధైర్యం చేసి పది అన్నాడు. హెచ్‌సీఎల్ టెక్ సీఈఓ విజయకుమార్ గారికి 2023-24లో ప్రోత్సాహకాలన్నీ కలిపి వచ్చింది 84 కోట్ల పైచిలుకు. అదే ఏడాది ఇన్ఫోసిస్ సలీల్ పరేఖ్ గారికి 66 కోట్లు. నేను వీళ్ళని తప్పు పట్టడం లేదు, వాళ్ళ కంపెనీలు పెద్దవి, లాభాల్లో ఉన్నాయి. కానీ పంత్‌కి మూడింతలు తీసుకునే మనిషి పేరు కూడా మనకి తెలీదు, పంత్‌ని మాత్రం రోజూ తిడతాం. ఆ పెద్దాయన ఉత్తరంలో "కంపెనీ పెద్దలకి లేని విలువ" అని రాశారు చూడండి, అక్కడ నాకు టీ పొలమారింది. 

అకౌంట్ల మనిషిని నేను. బరంపురంలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో ఇరవై తొమ్మిదేళ్ళు పద్దులు రాశాను. పేరు అనవసరం, ఇప్పుడక్కడ ఆ బోర్డు కూడా లేదు. ఒక ఏడాది వసూళ్ళు బాగా దెబ్బతిన్నాయి. హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది, గడ్డుకాలం, అందరూ సహకరించాలి, ఈ ఏడు ఇంక్రిమెంట్లు లేవు, దసరా బోనస్ సగమే అని. మేం పదకొండు మందిమి సహకరించాం, సహకరించక ఏం చేస్తాం. మా అటెండరు కూతురి పెళ్ళికి అడ్వాన్సు అడిగితే మేనేజరు ఏమీ మాట్లాడకుండా డ్రాయరు లాగి ఆ సర్క్యులర్ తీసి బల్ల మీద పెట్టాడు. మూడు నాలుగు నెలల తర్వాత కంపెనీ వార్షిక నివేదిక పోస్టులో మా ఇంటికొచ్చింది, నా దగ్గర వాళ్ళ షేర్లు ఓ యాభై ఉండేవి లెండి. నున్నటి కాగితం, మొదటి పేజీలో ఎండీ గారు నవ్వుతున్న ఫోటో. అకౌంట్లు రాసేవాడెవడైనా అలాంటి పుస్తకం వెనక నుంచి చదువుతాడు. వెనక నుంచి తిప్పుకుంటూ వస్తే ఒక చోట చీమ తలకాయంత అక్షరాల్లో ఎండీ గారి జీతం, పోయిన ఏడాది ఇంత, ఈ ఏడాది ఇంత, పెరిగింది. కింద కారణం రాశారు, రిటెన్షన్ ఇన్సెంటివ్ అని. ఆయన కంపెనీ వదిలి వెళ్ళిపోకుండా ఉండటానికట! కంపెనీని ఆ గతికి తెచ్చినాయన వెళ్ళిపోతాడేమో అని భయపడి డబ్బిచ్చి ఆపుకున్నారన్న మాట. ఆ రాత్రి నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నుదుటి మీద చెయ్యేసి చూసింది.

ఆ జీతం ఎవరు నిర్ణయిస్తారో కూడా చెప్తాను. లిస్టయిన కంపెనీలో డైరెక్టర్లతో ఒక కమిటీ ఉంటుంది, నామినేషన్ అండ్ రెమ్యునరేషన్ కమిటీ అంటారు, 2013 కంపెనీల చట్టంలో ఉన్నదే. ఎండీ అందులో కూర్చోడు, నిజమే. కానీ కూర్చునే వాళ్ళు చాలాసార్లు ఇంకో కంపెనీలో ఎండీలు, లేకపోతే రిటైరైన ఎండీలు. రైసు మిల్లు ధరలు నిర్ణయించే కమిటీలో అందరూ మిల్లర్లే ఉంటే రైతుకి ఏం గిట్టుతుంది చెప్పండి. వాటాదారుల ఓటు అనేది ఒకటుంది, ఉన్నంతలో అదే గట్టి. 2021లో ఐషర్ మోటార్స్‌లో ఎండీ సిద్ధార్థ లాల్ గారి జీతం తీర్మానాన్ని వాటాదారులు నెగ్గనివ్వలేదు, తర్వాత బోర్డు జీతం పరిమితి తగ్గించి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. అలాంటివి ఎప్పుడో గానీ జరగవు. నా యాభై షేర్లతో నేనూ ఓటేశాను ఒకసారి. ఏమీ కాలేదు.

మరి ఆటగాడికి అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఆకాశం నుంచి ఊడిపడటం లేదు, ఎవరి నోటి దగ్గరి కూడూ లాక్కోవడం లేదు. మనమే ఇస్తున్నాం, టీవీ రీచార్జిలో, ఫోన్లో యాప్ చందాలో, మ్యాచ్ మధ్యలో చూసే ప్రకటనల్లో, కొనే సబ్బులో కూల్‌డ్రింకులో. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకి పోయాయి. అయిదుతో భాగిస్తే ఏడాదికి 9,678 కోట్లు. టికెట్లు, స్పాన్సర్లు ఇందులో లేవు. 2025 సీజన్‌కి ఒక్కో జట్టు ఆటగాళ్ళ మీద పెట్టగలిగింది 120 కోట్లు, పది జట్లకి 1,200 కోట్లు. మ్యాచ్ ఫీజులని కొత్తగా జట్టుకి ఇంకో 12.60 కోట్లు పెట్టారు, అవీ కలపండి. అన్నీ కలిపినా టీవీ డబ్బులో ఏడో వంతుకి రాదు! అమెరికా బాస్కెట్‌బాల్‌లో, ఎన్‌బీఏలో, ఆట మీద వచ్చే రాబడిలో దాదాపు సగం ఆటగాళ్ళదని యూనియన్ ఒప్పందం ఉంది. మా వైపు లెక్కలో చెప్పాలంటే అక్కడి ఆటగాడు సగపాలుకి చేసే రైతు, మన ఐపీఎల్ ఆటగాడు బాగా జీతమొచ్చే కంబారి, అంటే పాలేరు. అమెరికా ఆటగాళ్ళకి ఆ బలం కూడా ఊరికే రాలేదు. కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు 1969లో, నన్ను అడక్కుండా ఇంకో జట్టుకి అమ్మేస్తే వెళ్ళను, నేనేమన్నా సంతలో పశువునా అని ఎదురుతిరిగాడు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో ఓడిపోయాడు, ఆయన ఆట అక్కడితో సరి. ఆయన ఓడిన మూడేళ్ళకి, ఆటగాణ్ణి జట్టుకి కట్టేసే ఆ పాత నిబంధన కూలిపోయి తర్వాతి వాళ్ళు కోట్లు చూశారు. మన దగ్గర ఇప్పుడు ఆడుతున్న క్రికెటర్లకి అసలు సంఘమే లేదు, 2019లో పెట్టింది మాజీలది.

కాబట్టి పంత్‌కి 27 కోట్లు ఎక్కువా అంటే, ఎవరితో పోల్చి ఎక్కువ అని నేను అడుగుతా. మన రెండెకరాల రైతుతో పోలిస్తే ఎక్కువే, అన్యాయంగా ఎక్కువ. ఆయన వల్ల వచ్చే డబ్బుతో పోలిస్తే తక్కువ. ఆ 27 కోట్లు ఆయనకివ్వకపోతే మీకూ నాకూ పంచుతారనుకోకండి, జట్టు యజమాని జేబులో ఉంటుంది. ఆ యజమాని ఎవరు? మళ్ళీ కంపెనీ పెద్దలే.

"వేల మందికి ఉద్యోగాలిస్తారు" అన్న మాట దగ్గరికి వస్తా. ఉద్యోగాలిచ్చేది వ్యాపారం, దానికి పెట్టుబడి పెట్టినవాళ్ళు, పని చేసేవాళ్ళు, సరుకు కొనేవాళ్ళు అందరూ ఉన్నారు. కుర్చీలో కూర్చున్న ఒక్కడే ఇచ్చినట్టు రాస్తే ఎలా. పైగా ఇచ్చినట్టే ఊడగొట్టేదీ ఆ కుర్చీలోంచే. విజయ్ మాల్యా గారు 2008లో 11 కోట్ల 16 లక్షల డాలర్లకి బెంగళూరు జట్టు కొన్నారు. ఆయన విమానాల కంపెనీ 2012 అక్టోబరులో నేలకి దిగిపోయింది, అప్పటికే ఉద్యోగులకి నెలల తరబడి జీతాల్లేవు. కోహ్లీ పరుగులు చెయ్యకపోవడం వల్ల ఆగాయా ఆ విమానాలు? అమెరికాలో బోయింగ్ సంగతి ఇంకా ఘోరం. రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది పోయారు, సీఈఓ మ్యూలెన్‌బర్గ్‌ని 2019 డిసెంబరులో తప్పించారు. వెళ్తూ వెళ్తూ ఆయన తీసుకెళ్ళింది 6 కోట్ల 20 లక్షల డాలర్లు. ఓడిపోయి వెళ్ళేవాడికి అంత కట్నం ఇచ్చే ఆట నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి. మాకు దగ్గర్లో ఆమదాలవలస ఉంది. అక్కడ పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్ లిఫ్టింగ్‌లో రాడ్ ఎత్తినప్పుడు మా వీధిలో ఒకరింట్లోనే కలర్ టీవీ. స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపున తల పైకి ఎత్తేదాంట్లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తేదాంట్లో 130, మొత్తం 240 కిలోలు. పైనున్న ఇద్దరిదీ 242.5. చివరి ప్రయత్నానికి ఆవిడ వెండి చాలులే అనుకోలేదు, బంగారం కోసం 137.5 పెట్టమన్నారు. రాడ్ లేచింది, నిలబడలేదు. కంచు. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయ్యారు, అయినా ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఎవరో ఒకరు, 132.5 ఎత్తి ఉంటే వెండి వచ్చేది కదా అంటూనే ఉంటారు. పాతికేళ్ళయింది. అరుగు మీద కూర్చుని బీడీ కాల్చేవాడు కూడా ఆవిడ నిర్ణయాన్ని తూచుతాడు. ఆవిడకి వచ్చినదేంటి? ఎఫ్‌సీఐలో, అంటే భారత ఆహార సంస్థలో ఉద్యోగం, కొన్ని బహుమతులు, చాలా ఏళ్ళ తర్వాత ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీ వీసీ పదవి. గౌరవమే, కాదనను. పంత్ ఒక్క సీజన్ డబ్బు ముందు అదెంత?

మా చెల్లెలి కొడుకు కూడా అదే దారి పట్టాడు. కాశీనగర్‌లో ఉంటారు వాళ్ళు. ఒకసారి సాయంత్రం వాడు ప్రాక్టీసు చేసే చోటికి వెళ్ళాను. రేకుల షెడ్డు, నేల పాడవకుండా కింద పాత లారీ టైర్లు కోసి పరిచారు. లోపల వేడికి నాకు నిలబడితేనే చెమటలు కారాయి. వాడు అరచేతులకి తెల్లటి పొడి రాసుకున్నాడు, రాడ్ ముందు నిలబడి రెండు నిమిషాలు ఏమీ చెయ్యలేదు, ఊరికే చూశాడు దాన్ని. తర్వాత ఒక్క ఊపున లాగాడు. షెడ్డు మొత్తం దద్దరిల్లింది కింద పడేసినప్పుడు. కరెంటు పోయింది మధ్యలో, ఎవరో ఫోన్ లైటు పట్టుకున్నారు, ఆ వెలుతురులోనే మళ్ళీ ఎత్తాడు. ఇంటికొచ్చాక గడప మీద కూర్చుని, అరచేతిలో కాయలు కాసిన చోట చర్మం బ్లేడుతో సన్నగా చెక్కుకున్నాడు, పెన్సిలు చెక్కుకున్నట్టు. చెక్కకపోతే రాడ్‌కి పట్టుకుని ఊడొస్తుంది మామయ్యా అన్నాడు. మా చెల్లెలు చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. రోజుకి ఆరు గుడ్లు, పాలు, అప్పుడప్పుడూ చికెన్, నెలకోసారి ఆ పౌడరు డబ్బా, ఇదంతా ఒక చిన్న కిరాణా కొట్టు మీద గడవాలి. పోటీలకి వెళ్తే స్లీపర్ క్లాసు, ఒక్కోసారి జనరల్ బోగీలో బాత్రూము పక్కన. మోకాలు ఒకసారి, మణికట్టు ఒకసారి పోయాయి, విశాఖలో చూపించాం. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుందని నాలుగేళ్ళు చూశాడు, ట్రయల్స్‌కి వెళ్ళొచ్చాడు. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక జిమ్‌లో ట్రైనరు, పద్నాలుగు వేలు. అక్కడికొచ్చే వాళ్ళలో సగం మంది ఆఫీసు వాళ్ళు, పొట్ట తగ్గించుకోవడానికి వస్తారు. ఇరవై నాలుగేళ్ళు వాడికి, ఈ ఆటలో ఇంకెన్నాళ్ళుంటాడు, ముప్ఫై దాకా అనుకోండి. ఎండీలకి అసలు మంచి రోజులు మొదలయ్యేదే యాభై దాటాక.

అలాగని ఆటగాళ్ళందరూ ముత్యాలేమీ కాదు. మందులు వాడి దొరికిపోయినవాళ్ళు మా వైపూ ఉన్నారు, పేర్లెందుకు. మ్యాచ్‌లు అమ్ముకున్నవాళ్ళని చూశాం. కానీ ఆటలో దొంగతనం చెయ్యాలంటే ఎంత కష్టమో చూడండి. వెయిట్ లిఫ్టింగ్‌లో ముగ్గురు రిఫరీలుంటారు, కనీసం రెండు తెల్ల లైట్లు వెలగాలి, మోచెయ్యి కాస్త మడిచినా ఎర్ర లైటే. సత్యం కంప్యూటర్స్‌లో ఏళ్ళ తరబడి లేని లాభం ఉన్నట్టు రాశారు, 2009 జనవరి 7న రామలింగరాజు గారే స్వయంగా ఉత్తరం రాసేదాకా ఆడిటర్లు, బోర్డు, పెద్ద పెద్ద చదువుల డైరెక్టర్లు ఎవరూ కనిపెట్టలేదు. పులి మీద స్వారీ లాగా అయిపోయింది, తినేయకుండా ఎలా దిగాలో తెలీలేదని రాశారాయన. లేని డబ్బు బ్యాంకులో ఉందని కాగితం మీద రాయొచ్చు గానీ లేని ప్లేటు రాడ్‌కి ఎక్కించలేం. నేను పద్దులు రాసినవాణ్ణి, ఈ తేడా నాకు బాగా తెలుసు.

సత్య నాదెళ్ల గారి పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి నేనే ఎత్తుతా. ఆయన విషయంలో నా వాదన కాస్త కుంటుతుంది. 2014లో పగ్గాలు పట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ విలువ సుమారు 30 వేల కోట్ల డాలర్లు, 2024 నాటికి పదింతలు. అలాంటి మనిషి ఎంత తీసుకున్నా వాటాదారులు చేతులెత్తి దణ్ణం పెడతారు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఇంకో విశేషం, కంపెనీ భద్రతా లోపాల వల్ల హ్యాకర్లు చొరబడ్డారు, నా బాధ్యతగా నగదు బోనస్ తగ్గించండి అని ఆయనే అడిగారు, సుమారు సగానికి తగ్గించారు. మంచి సంప్రదాయం. కానీ షేర్ల లెక్క కలిపేసరికి ఆ ఏడాది ఆయనకి ముట్టింది 7 కోట్ల 91 లక్షల డాలర్లు, అంతకు ముందు ఏడాది కంటే 63 శాతం ఎక్కువ! బోనస్ కోత పడిన ఏడాది కదా అది. మా అటెండరుకి కోత పడితే కోతే. హైదరాబాదులో స్కూల్లో క్రికెట్ ఆడిన మనిషి ఆయన, నాయకత్వం అక్కడే నేర్చుకున్నానని చెప్తారు, ఇప్పుడు అమెరికాలో సియాటిల్ క్రికెట్ జట్టులో వాటా కూడా ఉంది. ఆటగాళ్ళ డబ్బు వృథా అనుకునే మనిషైతే పెట్టుబడి పెట్టేవారు కాదు.

ఆటల్లో ఆటలకి ఉన్న తేడా మీద ఇంకా రాయాలి గానీ ఉత్తరం ఇప్పటికే చాంతాడయింది. ఒక్క ముక్క. మా ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి దేశం హాకీ జట్లని పోషిస్తోంది, భువనేశ్వర్‌లో, రూర్కెలాలో ప్రపంచకప్పులు పెట్టారు, పారిస్ కంచు తెచ్చిన అమిత్ రోహిదాస్‌కి 4 కోట్లు ప్రకటించారు. అయినా హాకీ లీగ్ మళ్ళీ మొదలైనప్పుడు వేలంలో అందరికంటే ఎక్కువ పలికిన హర్మన్‌ప్రీత్ సింగ్‌కి, ఇండియా కెప్టెన్‌కి, రెండు ఒలింపిక్ పతకాలున్నవాడికి, 78 లక్షలు. అదే ఏడాది ఐపీఎల్ వేలంలో పదమూడేళ్ళ పిల్లాడికి కోటీ పది లక్షలు. ఇందులో హాకీవాడి తప్పు లేదు, ఆ పిల్లాడి తప్పు అంతకన్నా లేదు, మనం టీవీ దేనికి పెడతామో ఆ తప్పు. పెట్టేది మనం, తిట్టేది మనం. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీదకి ఏనుగుని ఎక్కించుకుంటే జనం డబ్బులిచ్చి చూశారు, సర్కస్ పెట్టి లక్షలు చూశారాయన, చివరి రోజులు ఇక్కడే ఒడిశాలో బలంగీర్‌లో గడిచాయి. ఆ రోజుల్లోనూ, ఈ పహిల్వాన్‌కి ఇంత డబ్బెందుకు అన్నవాళ్ళు ఉండే ఉంటారు.

మీకో విన్నపం. ఐపీఎల్ వేలం అయిన మర్నాడు మీరు పెద్ద పట్టిక వేస్తారు, ఆటగాడి పేరు, పోయిన ఏడాది ధర, ఈ ఏడాది ధర. జూన్, జులైల్లో కంపెనీల వార్షిక నివేదికలు వస్తాయి కదా, అప్పుడు అలాంటి పట్టికే ఒకటి వేయండి, ఎండీ పేరు, పోయిన ఏడాది జీతం, ఈ ఏడాది జీతం, కంపెనీ లాభం పెరిగిందా తగ్గిందా, జీతాల వరసలో సరిగ్గా మధ్యన ఉండే ఉద్యోగి జీతానికి అది ఎన్ని రెట్లు. ఈ ఆఖరిది మీరు కష్టపడి లెక్కేయనక్కర్లేదు, లిస్టయిన కంపెనీలన్నీ చట్ట ప్రకారం వెల్లడించాల్సిందే, వెనక పేజీల్లో ఉంటుంది. దాన్ని ముందు పేజీలో వేయండి. టీకొట్టులో కాలిక్యులేటర్ తీసే గుంటలు సిద్ధంగా ఉన్నారు.

ఇంకో చిన్న సవరణ కూడా. పోయిన నెల మీ జిల్లా వార్తల్లో బరంపురం వెయిట్ లిఫ్టింగ్ పోటీల గురించి ఒక లైను వేశారు, సంతోషం, వేసింది మీరొక్కరే. అందులో మా మేనల్లుడు క్లీన్ అండ్ జెర్క్‌లో 112 కిలోలు ఎత్తాడని పడింది. అది 121. వాడేమీ అనలేదు గానీ ఆ కాగితం ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుని, అంకె మీద పెన్నుతో దిద్దుకున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డు అకౌంటెంటు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా